కాలిక్యులేటర్‌లో సూత్రం: మంగళగిరి పరిసర కాలువల లెక్కల నేపథ్యం

వ్యాససంగ్రహం:
కృష్ణా డెల్టా నీటిపారుదల చరిత్రలో ఆనకట్టలకు దక్కిన స్థానం లెక్కల పనిముట్లకు దక్కలేదు. కాలువ ప్రవాహపు లెక్కను ఆధారం చేసుకొని, 1970లలో వచ్చిన ప్రోగ్రామబుల్ సైంటిఫిక్ కాలిక్యులేటర్ నిత్యవృత్తిలో తెచ్చిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, కాలిక్యులేటర్, మానింగ్ సూత్రం, పావులూరి మల్లన.

1. ప్రవేశిక
మంగళగిరికి ఉత్తరాన, కృష్ణ ఒడ్డున సీతానగరం ఉంది. అవతలి ఒడ్డు విజయవాడ. ఈ రెండింటి నడుమ 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ నిర్మాణం 1954లో మొదలై 1957లో ముగిసింది. రెండూ చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ లేని కాలపు నిర్మాణాలే. బ్యారేజీ నాటి ఇంజనీర్ల పనిముట్లు లాగరిథమ్ పట్టికలు, స్లైడ్ రూల్, కాగితం.

2. కాలువ లెక్క
కాలువలో నీటి వేగాన్ని అంచనా వేయడానికి 1889లో రాబర్ట్ మానింగ్ ప్రతిపాదించిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. కాలువ వాలు, నీటి కోత వైశాల్యం, నీరు తాకే అడుగు గట్ల పొడవు, గరుకుదనపు గుణకం దీనికి కావాలి. ఉదాహరణకు అడుగు వెడల్పు 10 మీటర్లు, లోతు 2 మీటర్లు, గట్ల వాలు ఒకటికి ఒకటి, కాలువ వాలు 5000కు 1, గుణకం 0.025 అనుకుంటే సెకనుకు సుమారు 18 ఘనమీటర్ల నీరు పారుతుంది.

దీన్ని తిరగవేస్తే చిక్కు మొదలవుతుంది. 15 ఘనమీటర్లు పారాలంటే నీటి లోతు ఎంత ఉండాలి? ఒక లోతు ఊహించి, లెక్క కట్టి, సరిపోకపోతే మరొకటి ఊహించాలి. పట్టికలతో ప్రతి ఊహకూ లెక్కంతా మొదటి నుంచి చేయవలసిందే.

3. యంత్రం
ఈ పునరావృత శ్రమనే ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ తగ్గించింది. 1974లో వచ్చిన హెచ్‌పీ-65లో 100 మెట్ల ప్రోగ్రామును అయస్కాంత కార్డుపై భద్రపరచవచ్చు. 1975 అపోలో–సోయజ్ అంతరిక్షయాత్రకు వెళ్ళిందీ ఇదే. అదే ఏడాది వచ్చిన హెచ్‌పీ-25లో 49 మెట్లే ఉన్నా కాలువ లెక్కకు అవి చాలు. ఒకసారి మెట్లు ఎక్కిస్తే, ఆపై లోతు మార్చి మీట నొక్కడమే పని.

ఈ యంత్రాల్లో సంఖ్యలు ముందు, క్రియ తరువాత వస్తాయి. రెండు నొక్కి, ఎంటర్ మీట నొక్కి, మూడు నొక్కి, చివర కూడిక మీట నొక్కాలి. "రెండుకు మూడు కలుపు" అనే తెలుగు వాక్యక్రమం కూడా ఇదే.

అయితే హెచ్‌పీ-25ను ఆపివేస్తే ప్రోగ్రాము చెరిగిపోయేది. మరునాడు కాగితం చూసి మళ్ళీ ఎక్కించాలి. ఆపినా జ్ఞాపకం నిలిచే హెచ్‌పీ-25సీ 1976లో వచ్చింది. అంతవరకు ఈ నమూనా వాడేవారికి అసలు గ్రంథం ఆ కాగితమే.

4. సూత్రం, ఉదాహరణ
పద్ధతిని సంఖ్యల నుంచి వేరుచేసి దాచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన సూత్రాన్ని పద్యంలో పెట్టి, దానికి ఉదాహరణలు చూపాడు. ఛందస్సు సూత్రాన్ని జ్ఞాపకంలో నిలిపింది. పద్యం నేర్చినవాడికి పద్ధతి కూడా తెలుస్తుంది. ఎందుకు కూడుతున్నాడో, ఎందుకు భాగిస్తున్నాడో చెప్పగలడు. యంత్రంలోని ప్రోగ్రాము మీద ఆ హామీ లేదు. పద్ధతి తెలియనివాడి చేతిలోనూ అది జవాబు ఇస్తుంది.

ఈ తేడా పొలం దాకా వెళుతుంది. పై కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పెరిగి గుణకం 0.035కు చేరితే అదే లోతులో ప్రవాహం 18 నుంచి సుమారు 13 ఘనమీటర్లకు పడిపోతుంది. ఆ కొరతను ముందుగా అనుభవించేది శివారు భూముల రైతు. కలుపును చూసి గుణకాన్ని మార్చవలసింది గట్టు మీద నిలబడిన మనిషి. యంత్రం తనకిచ్చిన 0.025తోనే లెక్కిస్తుంది.

5. ముగింపు
ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ శ్రమను తగ్గించింది, నిర్ణయాన్ని మనిషికే వదిలింది. కనుక పాత యంత్రాన్ని అద్దాల పెట్టెలో ఉంచినంత మాత్రాన దాని చరిత్ర దక్కదు. మెట్లు రాసుకున్న కాగితాలు, గుణకం ఎందుకు మార్చారో తెలిపే క్షేత్రపుస్తకాలు కూడా ప్రాథమిక ఆధారాలే. మల్లన పద్యాలకు ఇచ్చిన పరిశోధనా గౌరవాన్ని వీటికీ ఇచ్చినప్పుడే తెలుగునాట గణన చరిత్ర సమగ్రమవుతుంది.