పాట మీద పెద్దల కాపలా

పిల్లలు ఏ పాట వినాలో, ఏది వినకూడదో నిర్ణయించే హక్కు తల్లిదండ్రులకు వుందా అన్న ప్రశ్న కొత్తగా పుట్టింది కాదు. సెల్‌ఫోన్ రాకముందు, రేడియో రాకముందు కూడా మన ఇళ్లలో ఈ తగాదా వుంది. అయితే దీన్ని మనం ఎప్పుడూ నీతి ప్రశ్నగానే చూస్తూ వచ్చాము. నిషేధించిన ప్రతిసారీ ఆ పాట ఏమయింది, వినేవాళ్లు ఏమయ్యారు, చివరకు లాభపడింది ఎవరు – ఈ మూడూ విచారిస్తే గాని ఆ హక్కు విలువ తేలదు.

పందొమ్మిదవ శతాబ్దం చివర తెలుగుదేశంలో పాటకు పుట్టినిల్లు కళావంతుల ఇల్లు. క్షేత్రయ్య పదాలనూ, జావళీలనూ తరతరాలుగా కంఠస్థం చేసి, అభినయించి కాపాడినవారు ఆ స్త్రీలు. వారి మేళం లేనిదే సంపన్నుల ఇంట పెళ్లి పెళ్లిగా వుండేది కాదు. ఈ మేళాల మీద వీరేశలింగంగారూ, ఆ తరం సంస్కర్తలూ ధ్వజమెత్తారు. అందులో న్యాయం వుంది. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను ధనవంతుల భోగానికి అప్పగించే ఆచారాన్ని ఏ అభ్యుదయవాదీ సమర్థించడు. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ అంకితాన్ని చట్టరీత్యా నిషేధించింది. అది జరగవలసిన పనే.

కాని గౌరవనీయమైన కుటుంబాలలో ఈ సంస్కరణ వేరే వేషం వేసుకుంది. దోపిడీ మీద పడవలసిన వేటు పాట మీద పడింది. ఆడపిల్ల గొంతెత్తితే అది సానివాళ్ల విద్య అని గదమాయించారు. చిత్రమేమంటే, 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలు రికార్డయిన నాటి నుంచి గ్రామఫోను వ్యాపారం తొలిరోజుల్లో నిలబడింది చాలావరకు అటువంటి గాయనుల గొంతుల మీదనే. గాయని గడప దాటి లోపలికి రాకూడదు. ఆమె గొంతు మాత్రం పెట్టెలో కూర్చుని నట్టింటికి వచ్చింది. 1928లో మద్రాసు సంగీత అకాడమీ ఏర్పడేనాటికి గాలి మరింత మారింది. నిన్నటిదాకా పాటను దూరం పెట్టిన ఇళ్లకే సంగీతం మేష్టర్లు వచ్చారు. కీర్తన పాడడం పెళ్లికూతురికి ఒక యోగ్యత అయింది. జావళీని మాత్రం ఇంకా అనుమానంగానే చూశారు. పాట ఆగలేదు, దాని యజమానులు మారారు. కాపాడిన స్త్రీల చేతుల్లోంచి అది మొదట కంపెనీల చేతికీ, తర్వాత సభల చేతికీ పోయింది.

ఈ నష్టం నాకు ఏటేటా తరగతి గదిలో ఎదురవుతుంది. క్షేత్రయ్య పదాన్ని నేను నల్లబల్ల మీద రాసి నాయికా భేదం చెబుతాను. దాన్ని ఎవరైనా పాడగా విన్నారా అని అడిగితే తరగతిలో ఒక్క చేయి లేవదు. పాడడానికి పుట్టిన రచన పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా మిగిలింది. పిల్లలు చెడిపోకుండా కాపాడామని తృప్తిపడిన తాతలు మనుమలకు మిగిల్చిన ఆస్తి ఇది.

రెండవసారి కాపలా కాసింది కుటుంబం కాదు, ప్రభుత్వం. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్ శాస్త్రీయ సంగీతం తెలిసినవాడు. సినిమా పాట జాతి అభిరుచిని చెడగొడుతున్నదని ఆయన నమ్మకం. ఇంటి పెద్ద పిల్లలకు చెప్పినట్టే ఆయన దేశానికి చెప్పాడు. ఆకాశవాణిలో సినిమా పాటలకు కోత పడింది. పాటతోపాటు సినిమా పేరు చెబితే ఉచిత ప్రచారమవుతుందని దాన్నీ మాన్పించారు. నిర్మాతలు కోపించి, ప్రసారానికిచ్చిన అనుమతులను వెనక్కు తీసుకున్నారు. కొంతకాలం ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినబడకుండానే పోయింది.

జనం వినడం మానారా? ముల్లు సిలోన్ వైపు తిప్పారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం పనిచేసిన కొలంబో ప్రసార కేంద్రం యుద్ధానంతరం సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1952 చివర అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది అక్కడి నుంచే. బినాకా అంటే రాగం పేరు కాదు, టూత్‌పేస్టు పేరు! బజారు పాట నుంచి కాపాడబోయి, దేశంలోని పడుచువాళ్లను సరాసరి బజారు చేతిలోనే పెట్టారన్నమాట. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. ఆకాశవాణి సినిమా పాటకు మళ్లీ పీట వేసింది. 1967లో వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు కూడా ప్రవేశించాయి.

కేస్కర్ మేలేమీ చేయలేదని నేననను. టిక్కెట్టు కొని కచేరీకి వెళ్లలేని మనిషి మహా విద్వాంసులను రేడియోలో వినగలిగాడంటే అందులో ఆయన పట్టుదలకు భాగముంది. అయితే ఆ మేలు ఆయన వినిపించినదాని వల్ల కలిగింది గాని, ఆపినదాని వల్ల కాదు.

ఇక ఈనాటి సంగతి. తల్లిదండ్రుల భయం ఉత్తది కాదు. స్త్రీని సరుకుగా చూపే పాటలున్నాయి. కులగర్వాన్ని వీరత్వంగా చాటే పాటలూ వున్నాయి. పైగా ఒక పాట అయ్యాక మరేది మోగాలో లాభం చూసుకునే కంపెనీ లెక్క ప్రకారం ఫోనే నిర్ణయిస్తున్నది. ఊహ తెలియని పసివాడికి ఏది వినిపించాలో పెద్దలే ఎంచాలి. అందులో వివాదం లేదు. కాని పదిహేనేళ్ల పిల్ల చేతిలోంచి ఫోను లాక్కున్న తండ్రి పాటను ఆపలేడు. ఆ పాటను ఆమె స్నేహితురాలి ఫోనులో వింటుంది. ఆ పాటలో తనను అవమానించే మాట ఎక్కడ వుందో చెప్పే మనిషి మాత్రం అక్కడ వుండడు. అప్పుడు ఆమె అభిరుచికి గురువు కంపెనీ ఒక్కటే.

కాపలాకు మారుగా మరో దారి మన చరిత్రలోనే వుంది. మద్రాసు రేడియోలో ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు బాలానందం నడిపారు. పిల్లలకు ఫలానా పాట వినకండని చెప్పడం కాదు వారు చేసింది. పిల్లలనే మైకు ముందు నిలబెట్టి పాడించారు. తాను పాడిన పిల్లవాడు వినేటప్పుడు కూడా చెవి తెరుచుకుని వింటాడు. ఏది పాటో, ఏది ఉత్త గోలో పోల్చుకోగలుగుతాడు.

కనుక తల్లిదండ్రులను నేను అడిగేది ఒకటే. మీ పిల్లలు వింటున్న పాటను ముందు మీరు పూర్తిగా వినండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్లతో వాదించండి. వాళ్ల జవాబు కూడా వినండి. మీకు ప్రాణమైన పాట ఏదో వాళ్ల ఎదుట పాడండి, శ్రుతి తప్పినా సరే. ఇది నిషేధం కంటే కష్టమైన పని. నిషేధానికి ఒక్క కేక చాలు. దీనికి తీరిక కావాలి. పన్నెండు గంటలు పనిచేసి ఇల్లు చేరే తల్లికీ తండ్రికీ ఆ తీరిక ఎక్కడిదని మీరడగవచ్చు. సరైన ప్రశ్నే. పిల్లల సంగీతం గురించి దిగులుపడే ప్రతివారూ ఆ తీరిక కోసం జరిగే పోరాటంలో కూడా గొంతు కలపవలసి వుంటుంది.