పుంజా, పెట్టా?

సబ్బవరం చుట్టుపక్కల పల్లెల్లో పెరటి కోడి గంప కింద పిల్లల్ని లేపితే, ఇంటావిడ ముందు ఎన్ని లేచాయో లెక్క చూసుకుంటుంది. పుంజులెన్ని, పెట్టలెన్ని అని తొందరపడదు. ఆరు, ఎనిమిది వారాలు గడిచేసరికి కొన్నిటి జుట్టు పెద్దదై ఎర్రబారుతుంది, కాళ్లు లావెక్కుతాయి. తరవాత మెడ మీదా నడుం మీదా కోసుగా మెరిసే ఈకలు దిగుతాయి. ఓ తెల్లవారుజామున బొంగురు గొంతుతో కూత మొదలవుతుంది. పెట్ట గుడ్లు పెడుతుంది. పుంజు అమ్మవారి మొక్కుకో, పండక్కి వచ్చిన అల్లుడి కూరకో పనికొస్తుంది. రెంటికీ ఇంట్లో చోటుంది కనకే ఆ ఎదురుచూపు బరువనిపించదు.

ముందే చెప్పేయాలన్న కోరిక మాత్రం చాలా పాతది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ మొన తేలిన కోల గుడ్డులో పెట్ట ఉంటుందని రాశాడు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా ఆ మాటను తలకిందులు చేసి, కోల గుడ్డు పుంజుదన్నాడు. మన పల్లెల్లోనూ గుడ్డు ఆకారాన్ని బట్టి జోస్యం చెప్పేవాళ్లున్నారు. నిజానికి పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పిల్ల ఏదో తల్లికోడి అండంలోనే, పెంకు కట్టకముందే తేలిపోతుంది. పెంకు ఆకారానికి అందులో పాత్ర లేదు.

పుంజును చదవడంలో తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, దేనికి ఏ రోజు గెలుపో చెప్పడానికి కుక్కుట శాస్త్రమే పుట్టింది. 12వ శతాబ్దపు పల్నాటి వీరగాథకు కోడిపందెమే మలుపు. అయితే ఆ విద్యంతా ఎదిగిన పుంజు గురించే. ఒక్కరోజు పిల్లను పట్టి చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఆ పని హేచరీలతో పడింది. యంత్రాల్లో వేల గుడ్లు ఒకేసారి పొదిగి పిల్లల్ని అమ్మడం మొదలయ్యాక, గుడ్ల రైతు పెట్టలే కావాలన్నాడు. పుంజులకు వారాల తరబడి దాణా పెట్టడం దండగైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, మేత కరువున్న బ్రిటన్‌లో, జన్యుశాస్త్రవేత్త రెజినాల్డ్ పన్నెట్ ఒక దారి చూపాడు. కొన్ని రంగుల జన్యువులు జెడ్ క్రోమోజోము మీదే ఉంటాయి కాబట్టి, తగిన జాతుల్ని కలిపితే నూగు రంగే పిల్ల పుంజో పెట్టో చెబుతుంది. చారల ప్లిమత్ రాక్ పెట్టకు రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును కలిపితే, పుట్టిన పుంజు పిల్లల నెత్తిన తెల్లమచ్చ ఉంటుంది.

రంగు తేడా లేని తెల్లకోళ్ల చిక్కును జపాన్ విప్పింది. కియోషి మసూయి, ఆయన సహచరులు 1920ల్లో ఒక్కరోజు పిల్ల మలద్వారాన్ని సున్నితంగా విప్పి, లోపల గుండుసూది తలంత ఉబ్బును బట్టి పుంజును గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టారు. 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో దాన్ని వివరించారు. జపాన్‌లో శిక్షణ పొందిన నిపుణులు అమెరికా, కెనడా, బ్రిటన్ హేచరీలకు వెళ్లారు. చేయి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా, నూటికి 98 సరిగ్గా వేరు చేయగలరు. ఆ చూపు అబ్బడానికి ఏళ్ల సాధన కావాలి.

తరవాత రెక్క ఈకల పద్ధతి వ్యాపించింది. ఈకలు నెమ్మదిగా వచ్చే పెట్టకు, త్వరగా వచ్చే పుంజును కలిపితే, పెట్ట పిల్లల రెక్కల్లో కింది వరుస ఈకలు పై వరుసకన్నా పొడుగ్గా కనిపిస్తాయి. పుంజు పిల్లల్లో రెండూ సమానంగానో, కిందివి పొట్టిగానో ఉంటాయి. ఇది అలా పెంచిన జాతులకే, అదీ మొదటి ఒకటి రెండు రోజులకే చెల్లుతుంది.

మన దేశంలో ఈ విద్య పెద్ద హేచరీలతో స్థిరపడింది. తెలుగువాడైన బండా వాసుదేవరావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పాటుకు ఆయనే సారథి. గుడ్డు సామాన్యుడికి అందింది, ఆంధ్ర గుడ్ల ఉత్పత్తిలో ముందు నిలిచింది. ఆ మేలు చిన్నది కాదు.

దాని వెనక ఒక బాధ కూడా ఉంది. గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది వీధుల్లో గంపల్లో అమ్మే పిల్లలు చాలావరకు గుడ్ల జాతి పుంజులే. చిన్నారులు ముచ్చటపడి కొంటారు, కొద్దిరోజుల్లోనే ఆ కోడిపిల్లలు రాలిపోతాయి. ప్రపంచమంతటా ఏటా 700 కోట్ల పుంజు పిల్లల్ని పుట్టిన రోజే చంపుతున్నారని అంచనా. సంక్రాంతి బరిలో వేల రూపాయలు పలికే పుంజు, హేచరీలో పైసాకు కొరగానిదవుతోంది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఈ చంపుడును నిషేధించింది. 21 రోజుల పొదుగుడులో 9వ రోజుకే గుడ్డులోంచి చుక్క ద్రవం తీసి, పిల్ల ఏదో చెప్పే పద్ధతి అక్కడ వాడకంలోకి వచ్చింది. మన హేచరీలకూ అది రావాలి.

ఇంకో దారి మన హైదరాబాద్‌లోనే ఉంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ రకాల్ని తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ పెట్ట గుడ్లు బాగా పెడుతుంది, పుంజు కూరకు పోతుంది. రెంటికీ విలువుంటే, పుట్టిన రోజే పిల్లను విప్పి చూడాల్సిన పనే లేదు. సబ్బవరం పెరట్లో ఆ పిల్లల్ని తెచ్చి పెంచే ఇంటావిడ, మునుపటిలాగే, జుట్టు ఎర్రబారే దాకా ఆగగలదు.