నిలువు గీత రాక మునుపు: యూనిక్స్ పైపు పుట్టుపూర్వోత్తరాలు

ఒక ప్రోగ్రాము వెలువరించే డేటాను మరో ప్రోగ్రాముకు నేరుగా అందించే పైపుకు నేడు నిలువు గీతే గుర్తు. అయితే పుట్టిన తొలి నెలల్లో పైపుకు ఆ గీతే లేదు. 1973 ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పైపును యూనిక్స్‌లో చేర్చినప్పుడు, ఫలితాన్ని ఫైలులోకి మళ్లించడానికి అప్పటికే వాడుకలో ఉన్న కోణపు గుర్తునే దానికీ వాడారు. ఆ గుర్తు తర్వాత వచ్చేది ఫైలు పేరో, ప్రోగ్రాము పేరో షెల్‌కు (అంటే ఆదేశాలను చదివి అమలుచేసే ప్రోగ్రాముకు) తెలియాలి కనుక, వరుసలో చివరి ప్రోగ్రాము తర్వాత కూడా మరో కోణపు గుర్తు పెట్టవలసి వచ్చేది. అది మరచిపోతే ప్రోగ్రాము నడవడానికి బదులు దాని పేరుతో ఒక ఫైలు తయారయ్యేది. ఒకటికి మించి మాటలున్న ఆదేశాన్ని కొటేషన్ గుర్తుల మధ్య బంధించాల్సి వచ్చేది. లండన్‌లో ఇవ్వబోయే ప్రసంగంలో ఈ వికారమైన రాతను చూపడానికి మనసొప్పకనే థాంప్సన్ నిలువు గీతను ఎంచుకున్నారని చెబుతారు.

ఆలోచన మాత్రం యూనిక్స్ కంటే పాతది. తోటలో నీళ్లు పట్టే గొట్టానికి మరో ముక్క బిగించినట్లు ప్రోగ్రాములను కలుపుకోగలగాలని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు డగ్లస్ మెకిల్‌రాయ్ 1964 అక్టోబరు 11న ఒక అంతర్గత పత్రంలో రాశారు. యూనిక్స్ వచ్చాక ఆయన ఈ ప్రతిపాదనను పదేపదే ముందుకు తెచ్చారు. చివరికి థాంప్సన్ ఒక్క రాత్రిలో దానికి రూపమిచ్చారు. ఫైలు పేరు ఇవ్వకపోతే స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే ప్రోగ్రాముకు సహజంగా తెరచి ఉండే డేటా ద్వారం నుంచి, చదివేలా పాత ప్రోగ్రాములను సవరించడమే ఈ మార్పులో అసలు బలం, ఎందుకంటే అటుపైన ఏ ప్రోగ్రామునైనా ఏ ప్రోగ్రాముతోనైనా జతచేయడం సాధ్యమైంది.

1983లో వచ్చిన ఎంఎస్-డాస్ 2.0 నిలువు గీతను తీసుకుంది గానీ దాని ప్రాణాన్ని తీసుకోలేదు: మొదటి ప్రోగ్రాము పూర్తయ్యేదాకా డేటా తాత్కాలిక ఫైలులో నిలిచి, ఆ తర్వాతే రెండోది మొదలయ్యేది. యూనిక్స్ పైపులో రెండూ ఏకకాలంలో నడుస్తాయి; ఆ గుణం అక్కడ పోయింది. అది చిన్న నష్టం కాదు.

2004లో పైథాన్‌లో చేరిన సబ్‌ప్రాసెస్ మాడ్యూలు ఆ గుణాన్ని స్క్రిప్టు రాసేవారి చేతికిచ్చింది, దానితోపాటు ఒక చిక్కునూ తెచ్చింది. లినక్స్‌లో పైపు సాధారణంగా 65,536 బైట్లు పడుతుంది. అది నిండితే పంపే ప్రోగ్రాము ఆగిపోతుంది, స్క్రిప్టేమో ఆ ప్రోగ్రాము ముగిసేదాకా చదవకుండా వేచి ఉంటే రెండూ కదలకుండా నిలిచిపోతాయి. దీన్ని తప్పించే, ఆ మాడ్యూలులోనే ఉన్న కమ్యూనికేట్ పద్ధతి ఫలితమంతటినీ మెమరీలో పోగుచేశాకే అందిస్తుంది కనుక, తొలి వరుస రాగానే పని మొదలుపెట్టాలంటే పైపు నుంచి వరుసవరుసగా చదివే లూపును స్క్రిప్టులోనే రాసుకోవాలి.