కృష్ణ దాటినా అదే జెండా

చంద్రుడు కుంకేదాకా జొన్నచేలోనే కూర్చున్నారు. ఇప్పుడు లేస్తున్నారు, మీరూ లేవండి. ముందు నడిచేవాడి వీపు తప్ప ఇంకేమీ కనిపించదు, ఆ వీపును వదలొద్దు. దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకోవాలి. బీడీ ముట్టించే మాటే లేదు. ఎక్కడో ఊరికుక్క మొరిగితే ఆరుగురూ ఒక్కసారే నిలబడిపోతారు. అది మానేదాకా అడుగు పడదు.

1950 జనవరి ఆఖరు. దేవరకొండ వైపు నుంచి దిండి వాగు దాటి వచ్చిన కమ్యూనిస్టు దళం ఇది. రాత్రంతా నడక, పగలంతా ఏ గుట్టచాటునో పడక. అచ్చంపేట ఊళ్లోకి పోరు. చుట్టు తిరిగి, తెల్లారేలోగా మన్ననూరు పక్క అడవిలో పడాలి. ఈ ఆరుగురికీ నేను పేర్లు పెట్టను. అలాంటి దళాలు ఎన్నో తిరిగిన రోజులవి. వాళ్లలోనూ అసలు పేరు చెప్పుకునే అలవాటు లేదు. పట్టుబడినవాడు దెబ్బలకు తాళలేకపోయినా చెప్పడానికి పార్టీ పెట్టిన పేరు తప్ప ఇంకోటి తెలియకూడదు.

కమాండర్ భుజాన ఉన్నది త్రీనాట్‌త్రీ రైఫిలు. మడమ చీలితే తోలువారుతో బిగించి కట్టారు. మిగతావాటిలో రెండు భర్మారులు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి, మోయడానికే బరువు. పేల్చాలంటే గొట్టంలో మందు పోయాలి, పీలిక కుక్కాలి, సీసపు గుండ్లు వేయాలి, మళ్లీ పీలిక కుక్కి గజంతో దట్టించాలి. ఒక్కసారి పేలాక ఈ పనంతా మొదటికొస్తుంది. మంచుకు మందు చెమ్మగిల్లితే అది తుపాకి కాదు, ఇనుప కర్ర. అవతల యూనియన్ మిలిటరీ దగ్గర స్టెన్‌గన్‌లు, బ్రెన్‌గన్‌లు, లారీలు, వైర్‌లెస్.

ఈ దళం మొదట తుపాకులతో పుట్టలేదు. కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్రమహాసభను జనం 'సంగం' అన్నారు, చేతికర్రలు పట్టి కదిలితే 'గుతపల సంగం' అన్నారు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. ఆ తర్వాత కర్రలు, వడిసెలలు, ఆడవాళ్ల చేతుల్లో కారం, రోకలిబండలు బయటికొచ్చాయి. నిజాం సర్కారు కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. గడీల మీద, పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు సంపాదించారు. ఊరు కాయడానికి గ్రామదళాలు, కొట్లాడటానికి గెరిల్లా దళాలు. గ్రామదళాల్లో పదివేల మంది, గెరిల్లాల్లో రెండువేల మంది ఉండేవారని పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. మూడువేల ఊళ్ల విముక్తి, పది లక్షల ఎకరాల పంపకం కూడా ఆయన చెప్పిన లెక్కే. పార్టీ చెప్పుకున్న లెక్కగానే దాన్ని చదువుకోవాలి. కానీ దొరల వెట్టి ఆగిన ఊళ్లు ఉన్నాయన్నది మాత్రం దొరలు కూడా కాదనని మాట.

రెండేళ్ల కిందట ఇదే తోవన భయపడాల్సింది ఇంకొకళ్లకి. రజాకార్లు! వాళ్లూ ఒక పార్టీ సాయుధ దళమే. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వాళ్లది, నాయకుడు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ. పార్టీ సైన్యం పాలకుడి నీడన పెరిగితే ఏమవుతుందో 1948 ఆగస్టు 27న రజాకార్ల ఊచకోతలో బైరాన్‌పల్లి చూసింది. మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 13న హైదరాబాదు మీద భారత సైన్యం మొదలుపెట్టిన పోలీసు యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసింది. రజాకార్లు చెల్లాచెదురయ్యారు. ఈ ఆరుగురు మాత్రం చేలగట్ల మీద నడుస్తూనే ఉన్నారు.

ఎందుకు నడుస్తున్నారు? పార్టీని రెండుగా చీల్చిన ప్రశ్న ఇది. నిజాం పోయాడు కదా, ఇక తుపాకి దించాలన్నాడు రావి నారాయణరెడ్డి. పిలుపిచ్చిన ముగ్గురిలో ఆయనొకడు. దించితే పంచిన భూములు పోతాయన్నారు ఇంకోవైపు వాళ్లు. వాళ్ల భయం ఉత్తది కాదు. పారిపోయిన దేశ్‌ముఖ్‌లు ఖద్దరు టోపీలు పెట్టుకుని మిలిటరీ లారీల వెనకే గడీలకు తిరిగొస్తున్నారు. అయినా రైతు మనసు మారుతోంది. కొత్త సర్కారు 1949 ఆగస్టులోనే జాగీర్దారీని రద్దు చేసింది, కౌలుదారీ చట్టం తెస్తోంది. దళానికి అన్నం పెడితే ఊరిమీద మిలిటరీ పడుతోంది. ఇన్‌ఫార్మరన్న అనుమానంతో దళాలు చంపినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్ల ముందు నుంచి ఇప్పుడు దళం నడవదు.

ఘాటు ఎక్కండి. కాళ్లకింద గులకరాళ్లు జారుతున్నాయి, పట్టుకుందామంటే ముళ్లకంప. పైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కింద అచ్చంపేట వైపు చెరువులు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. చెంచుల గూడెం, వాళ్ల మాటలో పెంట, నాలుగడుగుల్లో ఉందని మీకు తెలియదు, కమాండర్‌కీ తెలియదు. అప్పటికే చెట్టుచాటున విల్లు పట్టుకుని నిలబడ్డ ముసలాయనకు మాత్రం మీరు ఎక్కడం మొదలుపెట్టినప్పుడే తెలుసు.

నల్లమలలోని ఈ అమ్రాబాద్ గుట్టల మీదికి 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు, వాళ్లమీద పుస్తకం రాశాడు. నిజాం కొలువు పెద్దలు ఫర్హాబాద్‌కు షికారుకొచ్చేవారు. ఇప్పుడు వీళ్లొచ్చారు. గుడిసె ముందు కూర్చోబెట్టి గటక పోశారు. ఆకుదొప్పలో ఇంత తేనె. కమాండర్ తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, అలవాటైన మాటలు ఎత్తుకున్నాడు: దున్నేవాడికే భూమి, దొర భూములు పంచుకోవాలి.

ముసలాయన చాలాసేపు విన్నాడు.

"దున్నేటోనికి భూమి. మంచిదే గదయ్యా. మేం దున్నం. గడ్డలు తవ్వుకుంటం, తేనె తీస్తం. జంగ్లాతోల్లు రానిస్తలేరు. వాల్లని ఆపుతవా?"

జంగ్లాతోల్లంటే అటవీశాఖ వాళ్లు. కమాండర్ దగ్గర ఆ క్షణాన జవాబు లేదు. మైదానంలో మూడేళ్లు పనిచేసిన నినాదం ఈ గుట్ట ఎక్కేసరికి పనికిరాకుండా పోయింది. అడవి కంట్రాక్టర్ల మీద కూలి రేట్ల కోసం, పశువుల మేత పన్ను మీద అడవి దళాలు కొట్లాడకపోలేదు. కానీ ఊరికి ఊరే వెనక నిలబడ్డ ఆ బలగం ఇక్కడెక్కడ? పెంటకు పది గుడిసెలు, పెంటకూ పెంటకూ మధ్య కోసుల అడవి. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు, కొట్లాడటానికి అంతకన్నా ఒంటరి చోటూ లేదు.

మధ్యాహ్నానికి కొరియర్ వచ్చాడు. చెప్పు అట్టల మధ్య చీటీ, గోచిలో మడిచిన పత్రిక. చదువొచ్చిన కుర్రాడొకడు గొంతు తగ్గించి చదువుతున్నాడు: భారతదేశం రిపబ్లిక్ అయింది, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాదు రాజప్రముఖ్ అయ్యాడు. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాడు. ఎవరి మీద తుపాకి ఎత్తారో ఆ నిజామే కొత్త రాజ్యాంగం కింద రాష్ట్రాధిపతి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ని దించడానికి వచ్చిన సైన్యమే ఇప్పుడు వీళ్లకోసం గుట్టలు గాలిస్తోంది. కోపం రావాల్సిన చోట ఒకడికి నవ్వొచ్చింది. కమాండర్ వాణ్ని కసిరాడు.

దక్షిణాన కృష్ణ లోయ. అవతల గట్టు కర్నూలు జిల్లా, మద్రాసు రాష్ట్రం. సంగతంతా ఆ గట్టు దగ్గరే ఉంది. నిజాం కాలంలో ఆ సరిహద్దు పార్టీకి ఊపిరి. ఇటు దెబ్బ తగిలితే అటు దాటేవాళ్లు. నిజాం పోలీసు అటు రాలేడు. అటువైపు నుంచి డబ్బు, మందులు, శిక్షణ, చేతనైనంత ఆయుధం వచ్చేవి. ఆ రోజుల్ని తలచుకునేటప్పుడు జనం తెగువ గురించే ఎక్కువ చెప్పుకుంటాం. సరిహద్దు చేసిన మేలు తక్కువ చెప్పుకుంటాం. 1948 సెప్టెంబరు తర్వాత రెండు గట్ల మీదా ఒకే జెండా. కర్నూలు పోలీసూ కమ్యూనిస్టుల వేటలోనే ఉన్నాడు. నది అదే, లోతూ అదే, కానీ దాటినా లాభం లేదు.

ఇదే మాట ఏడాది తర్వాత మాస్కోలో వినాల్సివచ్చింది. 1951 మొదట్లో పార్టీ నాయకులు డాంగే, అజయ్ ఘోష్, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా వాళ్లకు వీపు ఆనించుకోవడానికి పక్కన సోవియట్ దేశం ఉంది, మీకెవరున్నారన్నది ఆయన వాదన సారం. నల్లమలలో చలికి వణుకుతూ ఆ గట్టు వైపు చూసినవాడికి అంతదూరం పోయి తెలుసుకోవాల్సిన పని లేదు.

1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. నెలల్లోనే సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో నిషేధం ఇంకా ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో దిగారు. తుపాకి దించమన్నందుకు మాటలు పడ్డ రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి మూడు లక్షలకు పైగా ఓట్లతో గెలిచాడు. నెహ్రూకు కూడా అన్ని రాలేదు.

ముసలాయన అడిగిన దానికి మాత్రం అప్పుడు జవాబు రాలేదు. అడవిలో బతికేవాళ్లకు అడవి మీద హక్కుందని దేశం చట్టంలో రాసుకున్నది 2006లో.