పర్దా మీద హిమ్మత్, పర్దా వెనక ఇల్మ్

2020 డిసెంబర్ 7న చక్ యేగర్ 97 ఏళ్ల వయసులో దునియా వదిలి వెళ్ళారు. ధ్వని కంటే వేగంగా ఎగిరిన మొదటి ఇన్సాన్ ఆయనే. ఆయన పేరు వినగానే చాలామందికి 1983లో వచ్చిన 'ద రైట్ స్టఫ్' సినిమా గుర్తొస్తుంది. టామ్ వుల్ఫ్ పుస్తకం ఆధారంగా ఫిలిప్ కాఫ్‌మన్ తీసిన ఈ సినిమాకి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అందులో యేగర్ కిర్దార్ సామ్ షెపర్డ్‌ది. తమాషా ఏమిటంటే, ఆకాశం చీల్చే పైలట్‌గా కనిపించిన షెపర్డ్‌కి జిందగీలో విమానం ఎక్కాలంటేనే ఖౌఫ్. అసలు యేగర్ కూడా అదే సినిమాలో ఉన్నారు. పైలట్లు చేరే బార్‌లో మందు పోసే ముసలాయన పాత్రలో, ఓ మూలన. తన కిస్సాలో తానే ఓ మూలన నిలబడటం ఎంతమందికి నసీబ్ అవుతుంది చెప్పండి!

సినిమా చూపించిన ఒక వాఖయా అక్షరాలా సచ్. 1947 అక్టోబర్ 14న ఎగరాల్సి ఉండగా, రెండు రోజుల ముందు రాత్రి యేగర్ గుర్రం మీంచి పడ్డారు. పక్కటెముకలు విరిగాయి. పై అధికారులకి చెబితే విమానం ఎక్కనివ్వరు. అందుకే ఖామోష్‌గా ఉండిపోయారు. కానీ ఎక్స్-1 విమానం తలుపు మూసుకోవడానికి కుడి చెయ్యి లేవడం లేదు. అప్పుడు దోస్త్ జాక్ రిడ్లే చీపురు కర్ర ముక్క కోసిచ్చారు. దాన్ని ఆసరాగా చేసుకుని ఎడమ చేత్తో తలుపు గడియ బిగించుకున్నారు యేగర్. బి-29 కడుపులోంచి జారిన ఆ విమానం దాదాపు 43,000 అడుగుల ఎత్తులో మాక్ 1.06 అందుకుంది. అంటే గంటకి సుమారు 1,100 కిలోమీటర్లు.

సినిమా చూసినవాళ్ళకి రిడ్లే అంటే చీపురు కర్ర ఇచ్చిన దోస్త్, అంతే. హకీకత్ వేరు. యేగర్ ఎక్స్-1ని ఆగస్టు నుంచే నడుపుతున్నారు. ప్రతిసారీ వేగం కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. మాక్ 0.94 దగ్గర పెద్ద ముష్కిల్ ఎదురైంది. కంట్రోల్ ఎంత లాగినా విమానం ముక్కు కదలడం లేదు. తోక రెక్క వెనక అంచున, ముక్కుని పైకీ కిందికీ కదిలించే పలకలుంటాయి. ధ్వని వేగం దగ్గర పుట్టిన షాక్ తరంగం ఆ పలకలని బేకార్ చేసేసింది. అక్కడితో ప్రాజెక్టు ఖతమ్ అనుకున్నారు. కాల్‌టెక్‌లో చదువుకున్న ఇంజినీర్ రిడ్లే లెక్కలు వేసి ఒక తర్కీబ్ చెప్పారు. ఆ పలకలని నమ్ముకోవద్దు, తోక రెక్క మొత్తాన్నీ కొంచెం కొంచెంగా తిప్పి ముక్కుని అదుపు చేయి అని. యేగర్ ఆ మాట మీద భరోసా పెట్టి తన జాన్‌ని పణంగా పెట్టారు. అది పనిచేసింది. తర్వాత వచ్చిన సూపర్‌సానిక్ ఫైటర్లకి ఆ కదిలే తోకే బునియాద్ అయింది. సినిమాలో ఈ ముచ్చటకి జగహ్ దొరకలేదు. లెక్కలు వేసే మనిషి కంటే గుర్రం మీద దూసుకుపోయే మనిషే పర్దా మీద బాగుంటాడు కదా!

1963 హాద్‌సా విషయంలోనూ అంతే. సినిమాలో యేగర్ మనసు పుట్టి ఎన్ఎఫ్-104 ఎక్కినట్టు ఉంటుంది. నిజానికి అది ముందే ప్లాన్ చేసుకున్న టెస్ట్. అప్పటికి ఆయన టెస్ట్ పైలట్ల స్కూల్‌కి కమాండెంట్. లక్ష అడుగుల పైన విమానం అదుపు తప్పింది. బయటికి దూకినప్పుడు ఇజెక్షన్ సీటు మంట తగిలి మొహం, చెయ్యి కాలాయి.

యేగర్ ఫరిష్తా కాదు. 1971 జంగ్‌లో ఆయన అమెరికా తరఫున పాకిస్తాన్‌లో ఉన్నారు. మన విమానాల దాడిలో అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయన చిన్న విమానం ధ్వంసమైతే మన మీద తెగ గుస్సా అయ్యారు. ఆయన హమ్‌దర్దీ అవతలి పక్షం వైపే ఉంది. అయినా అక్టోబర్ 14 నాటి ఘనతని ఆయనకి ఇవ్వకపోతే అది ఇన్సాఫ్ కాదు.

అదే ఇన్సాఫ్ రిడ్లేకీ దక్కాలి. ఆయన 1957లో జపాన్‌లో విమాన ప్రమాదంలో పోయారు. సినిమా వచ్చేనాటికి తన కిస్సా చెప్పుకోవడానికి జిందా లేరు. ఈసారి ఆ సినిమా చూస్తే, చీపురు కర్ర దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ కర్ర ఇచ్చిన చేతులే విమానం తోకకి దారి చూపించాయి. హిమ్మత్‌కి షోహరత్ దొరికింది. దాని వెనకున్న ఇల్మ్‌కి కనీసం జిక్ర్ అయినా దొరకాలి కదా.