తెరమీది పాఠము



బాన్సువాడ చుట్టుపట్ల పల్లెబడులలో పాఠములు చెప్పుకొని బ్రదికినవాడను నేను. యంత్రముల సాయమున విద్య నేర్పుటను గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయబూనితిని. ఇది నిన్న మొన్న పుట్టిన విషయమని పలువురు తలంతురు. కాని దీనికి చాలకాలపు చరిత్ర కలదు.

బాన్సువాడ పూర్వము నిజామాబాదు జిల్లాలో తాలూకా కేంద్రము. 2016 నుండి కామారెడ్డి జిల్లాలోనిది. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు కట్ట మంజీర నీటిని మా పొలములకు మళ్లించినది. నీరు వచ్చినంత సులువుగా చదువు రాలేదు. ఆనాటి హైదరాబాదు రాజ్యమున పైచదువుల భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంగ్లమును కాదని దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుటకు పూనుకొన్నది. అది గొప్ప సాహసమే; దానిని నేను తక్కువ చేయను. అయినను ఇంట తెలుగు మాటాడు పిల్లవానికి ఆ దేశభాషయు పరభాషయే గదా! నా తండ్రి లెక్కలన్నియు ఉర్దూలో నేర్చి, మనసులో మాత్రము తెలుగులోనే కూడుకొనెడివాడు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ మొదటిసారి కూడినది మొదలు, తల్లిభాషలో ప్రాథమికవిద్య కావలెనను కోరిక వినబడుచునే యుండెను. 1937లో ఆ సభ మా నిజామాబాదులోనే జరిగినది. అంతకు చాల ముందే, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసి, బడి యీయలేని తెలుగును పుస్తకముల మూలమున ఈయజూచినవి. దూరమున నున్నవారికి విద్య నందించుటకు మా ప్రాంతమున మొదటి సాధనము పుస్తకమే యని నా యభిప్రాయము.

ఇక ఆకాశమార్గమున వచ్చిన పాఠము సంగతి. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు, అమెరికావారి ఉపగ్రహ మొకదానిని ఎరువు తెచ్చుకొని, మన దేశము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజను చూపినది. మాకు పొరుగున నున్న మెదకు జిల్లా పల్లెలును అందులో చేరియుండెను. కోళ్లగూళ్లకు వాడెడి జాలీతో చేసిన పది అడుగుల గొడుగు వంటి సాధనము ఆకాశము నుండి బొమ్మను పట్టెడిది. ఉదయము పిల్లలకు, సాయంకాలము ఊరివారికి కార్యక్రమములు. బొమ్మ యొకటే యైనను దానితో రెండు గొంతులను పంపగల ఏర్పాటుండుటచే తెలుగువారు తెలుగును, కన్నడిగులు కన్నడమును వినగలిగిరి.

అందరును ఆ గొడుగును, ఉపగ్రహమును కొనియాడుదురు. నాకు మాత్రము అందులో గొప్పగా తోచునది మరియొకటి. ఆ సంవత్సరముననే సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రము బోధించు పద్ధతిని అదే టెలివిజను ద్వారా నేర్పిరి. తెరతో బాటు అచ్చు పాఠములు, చేతితో చేయవలసిన ప్రయోగములు, సందేహములు తీర్చుటకు దగ్గర మనుష్యులు ఉండిరి. పంతులును పక్కకు నెట్టక, అతనినే మొదట విద్యార్థిని చేసిరన్నమాట. గడువు తీరినంతనే ఉపగ్రహము వెడలిపోయెను. ఎరువుసొమ్ము బరువుచేటని పెద్ద లూరక యనలేదు. అయినను పంతులు నేర్చినది పంతులు వద్దనే మిగిలెను.

తరువాత కొన్నేండ్లకు కంప్యూటరు వచ్చినది. 1984లో కేంద్ర ప్రభుత్వము సుమారు 250 పాఠశాలలలో బ్రిటను దేశపు యంత్రములతో కంప్యూటరు విద్య నారంభించి, క్రమముగా మరికొన్నిటికి విస్తరించినది. ఆ తరుణమున వచ్చిన యంత్రముల నొక బడిలో నేను చూచితిని. ఊరు పేరు చెప్పుట మర్యాద గాదు. గదికి తాళము, యంత్రములపై ఎర్రని గుడ్డ, గుడ్డపై దుమ్ము! చెడిపోయినచో ఎవరు సమాధానము చెప్పవలెనను భయమే ఆ తాళము. కొన్నేండ్లకు మరియొక ప్రధానోపాధ్యాయుడు వచ్చి, తాళపుచెవిని తన జేబులో నుంచుకొనక, గణితము చెప్పు చిన్నవాని చేతికిచ్చి, "చెడిపోతే నేను చూచుకొందును" అనెను. యంత్రము లప్పటికే పాతబడినవి. అయినను ఆ బడి ఆనాడు మారినది. మార్పునకు నాయకత్వము వహించుట యన నేమో నేనెరిగినది ఆ ఒక్క వాక్యముననే.

2016 నుండి తెలంగాణ ఉన్నత పాఠశాలలలో తెరమీది పాఠములు వచ్చెను. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడగా, సెప్టెంబరు 1వ తేదీ నుండి 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పిల్లలకు దూరదర్శను యాదగిరి, టీ-శాట్ మూలమున పాఠములు చెప్పించిరి. మా యింటి వసారాలో అయిదారుగురు పిల్లలు కూర్చుండెడివారు. పొరుగింటి బాలిక ఆరవ తరగతి. ఒకనాడు భిన్నముల పాఠము నడచుచుండగా నా వంక తిరిగి, "తాతా, ఆ సారును ఇంకోపారి చెప్పుమనవా?" అనెను. నవ్వు వచ్చినది, వెంటనే నవ్వు పోయినది. తెరమీది యుపాధ్యాయుడు చక్కగనే చెప్పుచున్నాడు, నాకంటె బాగుగనే. కాని ఎవరికి తెలియలేదో ఆయన కెట్లు తెలియును?

అది పసిగట్టినది బడి మాస్టరే. అభ్యాసపత్రములు సంచిలో వేసికొని బండిపై ఇల్లిల్లు తిరిగి, ఆ బాలిక తప్పు చేసిన చోటు చూచి, రొట్టెను నాలుగు ముక్కలుగా చించి చూపెను. మాకు పడమట జుక్కలు, మద్నూరు వైపు పల్లెలలో మరాఠీ, కన్నడము ఇంటిభాషలైన పిల్లలు అనేకులు. తెరమీది తెలుగు వారిలో కొందరికి నా తండ్రికి ఉర్దూ వంటిదే. అచ్చట మాస్టరు తిరుగకున్న పాఠము గాలిలోనే యుండిపోవును.

2021 సెప్టెంబరులో బడులు మరల తెరచిరి. కొన్నాళ్లకు ఆ మాస్టరు నాకు బజారున కనబడెను. తరగతిలో తెరను వాడుచునే యున్నాననియు, నడుమ నడుమ ఆపి పిల్లలను ప్రశ్నించుచున్నాననియు, మునుపు తనకట్లు ఆపవలెనని తోచలేదనియు చెప్పెను. మా పొరుగింటి పిల్లయే అందరికంటె ఎక్కువసార్లు ఆపుమనునట!