టైలెండు స్పీడు

తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాదు దగ్గర డ్యామును వదిలి, గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి మీదుగా 200 కిలోమీటర్లకు పైగా నడిచి రాయచూరు వైపు వస్తుంది. 1953లో డ్యాము పూర్తయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వలస వచ్చి ఇక్కడి నల్లరేగడిలో వరి వేసిన తెలుగు రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. ఈ క్యాంపుల్లో పెరిగినవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. డ్యాము దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక లెక్క, కాలువ చివర, టైలెండులో మన తూముకి ఎంత వచ్చిందన్నది వేరే లెక్క. ఎగువన ఎంతమంది పారించుకున్నారు, ఎక్కడ గట్టు తెగింది, నీళ్లు ఏ వేళకి వచ్చాయి, అన్నీ ఆ రెండో లెక్కలోనే తేలతాయి.

ఇంటి నెట్‌దీ ఇదే తీరు. ప్లానులో రాసిన 100 ఎంబీపీఎస్ డ్యాము దగ్గరి లెక్క. చేతిలో ఉన్న ఫోనుకి అందేది టైలెండు లెక్క. ఒకే వీధిలో, ఒకే కంపెనీ, ఒకే ప్లాను ఉన్న రెండిళ్లలో ఒకరికి 90 చూపించి పక్కింటికి 20 చూపిస్తే తప్పు ఎక్కడుందో వెంటనే చెప్పలేం. ఆ తప్పును వెతికే విద్య నలభై ఏళ్లలో, వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల చేతుల్లో ముక్కలు ముక్కలుగా తయారైంది.

మొదటి ముక్క 1983 డిసెంబరులో వచ్చింది. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో మైక్ మూస్ అనే ఇంజనీరు నెట్‌వర్క్ సతాయిస్తుంటే విసిగి, ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అది అవతలి కంప్యూటరుకి ఒక చిన్న పలకరింపు పంపుతుంది, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కేస్తుంది. అదే పింగ్. ఇప్పుడు ఏ స్పీడ్ టెస్టు నొక్కినా మొదట కనిపించే మిల్లీసెకన్ల అంకె ఆ ప్రోగ్రాం వారసత్వమే. చాలామంది దాన్ని దాటేసి పెద్ద అంకె కోసం చూస్తారు. వీడియో కాల్ మాట్లాడేవాళ్లు మాత్రం ముందు చూడాల్సింది దాన్నే. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికాలోని డాలస్ ఇక్కడికి 14 వేల కిలోమీటర్లకు పైగా దూరం. అంటే సింధనూరులో అమ్మ 'ఏమ్మా' అంటే, అది అక్కడున్న కూతురికి చేరి జవాబు తిరిగి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి అసలు సమయం ఇంకా ఎక్కువే. ఎంత ఖరీదైన ప్లాను కొన్నా ఈ ఆలస్యం తగ్గదు.

రెండో ముక్క ఒక ప్రమాదం నుంచి పుట్టింది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ లాబొరేటరీకీ, బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్ దాదాపు ఆగిపోయింది. రెండింటి మధ్య దూరం 400 గజాలు. స్పీడు 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కి, అంటే 800వ వంతుకి పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. వాన్ జాకబ్సన్ అనే పరిశోధకుడు మైక్ కారెల్స్‌తో కలిసి కూర్చుని కారణం పట్టాడు. లైను కిక్కిరిసినప్పుడు కొన్ని ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, రాలిపోతాయి. రాలినవాటిని ప్రతి కంప్యూటరూ వెంటనే మళ్లీ పంపుతుంది. దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది, ఇంకా రాలతాయి. జాకబ్సన్ చెప్పిన మందు ఇది: మెల్లగా మొదలుపెట్టు, జవాబులు వస్తున్నకొద్దీ పెంచు, ప్యాకెట్ రాలితే వెంటనే తగ్గు. 1988లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించాడు. ఇంటర్నెట్‌ను బతికించిన పని ఇదేనని నా నమ్మకం. ఫోన్లో ఫైలు దిగేటప్పుడు స్పీడు ముందు తక్కువగా ఉండి, క్రమంగా ఎక్కడం దీనివల్లే. జవాబు వచ్చాకే పెంచాలి కాబట్టి, సర్వరు దూరంగా ఉంటే ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. బెంగళూరు సర్వరు మీద చూసిన స్పీడు అమెరికా సర్వరు మీద కనిపించకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక తీగల సంగతి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్‌ను వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న తెరిచింది. అప్పటికి అది ఫోను గొంతుకి కేటాయించిన ఇరుకు స్థలంలోనే నడిచేది. టెలిఫోను మాటకి 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. అదే రాగి తీగలో ఆ పైన మెగాహెర్ట్జ్ దాకా స్థలం ఖాళీగా పడి ఉందని ఇంజనీర్లకు తెలుసు. కానీ ఒకే కేబుల్లో వందల జతల తీగలు పక్కపక్కన నడుస్తుంటే ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి చొరబడుతుంది. 1980ల చివర్లో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో జోసెఫ్ లెక్‌లైడర్ ఒక ఉపాయం చెప్పాడు. ఇళ్లవాళ్లు పంపేది తక్కువ, తెచ్చుకునేది ఎక్కువ. రెండు వైపులా సమానంగా ఇవ్వకుండా, పంపే దారిని చిన్నది చేస్తే ఆ చొరబాటు తగ్గి, తెచ్చుకునే దారిలో చాలా స్పీడు వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ సియోఫీ దీనికి ఇంకోటి జత చేశాడు. తీగలోని స్థలాన్ని 256 చిన్న భాగాలుగా చీల్చి, ఏ భాగం శుభ్రంగా ఉంటే దానిమీద ఎక్కువ బరువు వేయడం. ఈ ఇద్దరి పనే ఏడీఎస్ఎల్. దానితోనే ల్యాండ్‌లైన్ ఉన్న ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండే అంది. మరుసటి ఏడాది జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. ఆ 256లో 5 ఎంబీ పాట దిగడానికి రెండున్నర నిమిషాలు పట్టేది. ప్లాను బిట్లలో రాస్తారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఒక బైటుకి 8 బిట్లు. 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకి 12 ఎంబీ దిగుతుంటే అది పూర్తి స్పీడే. ఈ ఒక్క లెక్క తెలియక కంపెనీతో గొడవపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రాగి తీగకు ఒక కఠినమైన నియమం ఉంది. దూరం పెరిగేకొద్దీ సంకేతం నీరసిస్తుంది, అందులో పై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి. ఎక్స్ఛేంజి పక్క వీధిలో ఉన్న ఇంటికి ఏడీఎస్ఎల్ కొత్త రకంలో 20 ఎంబీపీఎస్ దాకా రావచ్చు. 5 కిలోమీటర్లు దాటితే లైను నిలవడమే కష్టం. పొలాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఉండే ఊళ్లకు ఈ నియమం ఎంత అన్యాయమో ఊహించుకోవచ్చు. టౌనుకి 12 కిలోమీటర్ల అవతల ఉన్న క్యాంపు ఎంత డబ్బు కట్టడానికి సిద్ధపడినా రాగి తీగ ఒప్పుకోదు.

ఆ దూరాన్ని గాజు తుడిచేసింది. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ ఇంగ్లండులో పనిచేస్తూ ఒక మాట తేల్చారు. గాజులో వెలుతురు తగ్గిపోవడానికి గాజు కారణం కాదు, అందులోని మలినాలు కారణం. కిలోమీటరుకి వందో వంతు వెలుతురు మిగిలినా చాలు, ఫోను కేబుల్‌గా పనికొస్తుందన్నారు. 1970లో కార్నింగ్ కంపెనీ అంతకన్నా మంచి గాజు తీసింది. నేటి ఫైబర్‌లో కిలోమీటరు తర్వాత నూటికి 95 పాళ్లు మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది.

గాజు తయారైనా ఊరికి చేరాలి కదా. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఆ నేలలో కాలువ తవ్వి కేబుల్ పూడ్చడం ఖర్చే, దాన్ని తెగకుండా కాపాడుకోవడం ఇంకా ఖర్చు. తుంగభద్ర అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. కరెంటు స్తంభాల మీదుగా, సబ్‌స్టేషన్లు కేంద్రాలుగా ఫైబర్ లాగింది. 2016 డిసెంబరు చివర్లో కోనసీమలోని మోరి గ్రామం ఇంటింటికీ ఫైబర్ అందుకున్న ఊరుగా పేరు తెచ్చుకుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానళ్లు, ఫోను ఇస్తామన్నారు. పల్లెకు మొదట కావలసింది స్తంభం మీద తీగేనని తేల్చిన ప్రయోగం అది. తర్వాతి ఏళ్లలో నడపడంలో ఎన్ని ఒడుదుడుకులొచ్చినా, ఆ ఆలోచన సరైనదని నేను గట్టిగా అంటాను. దేశం మొత్తానికి 2011లో ఆమోదం పొందిన ప్రాజెక్టు, ఇప్పటి భారత్‌నెట్, పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ తేవాలని పెట్టుకుంది. పంచాయతీ నుంచి ఇంటి దాకా ఉన్న చివరి ముక్కే ఎప్పుడూ కష్టం.

ఇప్పుడు ఇళ్లకు వస్తున్న ఫైబర్ ఎక్కువగా జీపాన్ రకం. ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన ఒక్క ఫైబర్‌ను దారిలో కరెంటు అక్కర్లేని చిన్న స్ప్లిట్టర్ 32 లేదా 64 పాయలుగా చీలుస్తుంది. ఆ ఫైబర్ మొత్తం మీద దిగేది సుమారు 2.5 జీబీపీఎస్. 32 ఇళ్లూ ఒకేసారి గట్టిగా లాగితే ఒక్కో ఇంటికి 78 ఎంబీపీఎస్, 64 ఇళ్లయితే 39. అలా అందరూ ఒకేసారి లాగరు కాబట్టే 100 ప్లాను అమ్మగలుగుతున్నారు. చాలా ఊళ్లలో ఇరుకు దీనికి ఎగువన ఉంటుంది. ఆపరేటరు తన ఊరందరికీ కలిపి పైనుంచి కొన్నది తక్కువైతే, రాత్రి 9 గంటలకు అందరి స్పీడూ కలిసి పడుతుంది. పొద్దున 6 గంటలకు అదే లైను పరుగులు తీస్తుంది.

కొలిచే పని జనం చేతికి వచ్చింది 2006లో, ఊక్లా కంపెనీ స్పీడ్‌టెస్ట్ తెచ్చినప్పుడు. అది దగ్గర్లోని సర్వరును వెతికి, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లైను నిండా పారించి చూస్తుంది. లైను సత్తా తెలుసుకోవడానికి మంచి పద్ధతే. అయితే ఆ సర్వర్లు చాలావరకు నెట్ కంపెనీల దగ్గరే ఉంటాయి. 2009లో వచ్చిన ఎం-ల్యాబ్ పరీక్ష ఒక్క కనెక్షన్‌తో, కంపెనీ నెట్‌వర్కు బయట ఉన్న సర్వరుతో కొలిచింది, అందుకే దాని అంకె తరచు తక్కువ. 2016లో నెట్‌ఫ్లిక్స్ ఫాస్ట్.కామ్ పెట్టి, సినిమా ఏ సర్వర్ల నుంచి వస్తుందో వాటి నుంచే కొలిచింది. ఒకే ఇంట్లో మూడు పరీక్షలు మూడు అంకెలు చూపిస్తే కంగారు పడకండి. మూడూ నిజమే, మూడూ వేర్వేరు దూరాలను కొలుస్తున్నాయి.

చివరి మలుపు ఇంట్లో ఉంది. మన ఇళ్లలో చాలా రౌటర్లు ఇంకా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తున్నాయి. అందులో ఒకదాన్నొకటి తాకని చానళ్లు మూడే. వీధిలో 20 రౌటర్లుంటే ఆ మూడింటినే పంచుకోవాలి. 2018 అక్టోబరులో మన ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్‌లో చాలా స్థలాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అక్కడ రద్దీ తక్కువ, స్పీడు ఎక్కువ. గోడలు దాటడంలో మాత్రం బలహీనం. రాతి గోడల పాత ఇంట్లో రౌటర్ ముందు గదిలో పెట్టి వెనక వంటింట్లో కొలిస్తే అంకె పడిపోక తప్పదు. ఇంకొక గుర్తు చెబుతాను. ప్లాను 200 అయినా, 300 అయినా కేబుల్ పెట్టి కొలిస్తే ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందా? రౌటర్లోనో, కంప్యూటర్లోనో ఉన్నది పాత 100 ఎంబీపీఎస్ పోర్టు, లేదా లాన్ కేబుల్లో ఒక జత తెగింది.

అంకె బాగున్నా కాల్ తెగే జబ్బును 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే పట్టాడు. పెద్ద ఫైలు పంపుతుంటే పింగ్ సెకను దాటిపోయింది. ప్యాకెట్లు రాలకూడదని మోడెముల్లో మెమరీ అతిగా పెట్టడంతో అవి పొడవైన క్యూలో నిలబడిపోతున్నాయి. జాకబ్సన్ పద్ధతికి ప్యాకెట్ రాలడమే హెచ్చరిక. రాలకపోతే ఎవరూ తగ్గరు. 2012లో జాకబ్సనే క్యాథ్‌లీన్ నికల్స్‌తో కలిసి దీనికి మందు రాశాడు. అది ఉన్న రౌటర్ ఇంట్లో పిల్లాడు గేమ్ దింపుతున్నా తాతగారి వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నిబంధనలు ప్లాను స్పీడులో 80 శాతానికి పైగా అందాలన్నాయి. అది కంపెనీ కేంద్రం నుంచి వినియోగదారు దాకా ఉన్న లెక్క. 2024లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస స్పీడు 2013లో 512 కేబీపీఎస్, 2023లో 2 ఎంబీపీఎస్ అయింది. ఇంటింటికీ ఫైబర్ వస్తున్న కాలంలో ఆ 2 ఎంబీపీఎస్ చాలా తక్కువని నా అభిప్రాయం.

కాబట్టి రాయచూరు జిల్లాలో నెట్ చూసుకునే కుర్రాళ్లకు ఒక విన్నపం. ప్లాను పెంచే ముందు లాన్ కేబుల్ పెట్టి కొలవండి, తర్వాత అదే గదిలో వైఫై మీద కొలవండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద పడితే డబ్బు రౌటరుకి ఖర్చుపెట్టండి, ప్లానుకి కాదు. కేబుల్ మీదే పడితే పొద్దున, రాత్రి 9 గంటలకు వారం రోజులు అంకెలు రాసి పెట్టండి. మీ స్ప్లిట్టర్ మీద ఉన్న పక్కిళ్లవాళ్లనూ అదే వేళకు కొలవమనండి. అందరికీ కలిసి పడితే లోపం పైన ఉంది. ఒక్క ఇంటికే పడితే ఆ ఇంటి తీగలోనో, పెట్టెలోనో ఉంది. ఆ కాగితం పట్టుకుని అందరూ కలిసి ఆపరేటరు దగ్గరికి వెళ్లండి.